రెండో సుమిత్ర

"ఈ సంతకం నాది కాదు," అంది సుమిత్ర మూడోసారి.

తన పేరున ఏమైనా వచ్చిందా అని ఆమె అడిగితే పోస్టుమాన్ సాయిలు తెరిచిన రిజిస్టరు ఇంకా అతని చేతిలోనే ఉంది. జనగామకు బదిలీ మీద వచ్చి రెండు నెలలు కాలేదు. ఒకసారి కాగితం వైపు, ఒకసారి ఆమె ముఖం వైపు చూశాడు.

"మీరే గదమ్మా పెట్టింది. పోయిన నెల పన్నెండు. బేస్తారం."

"ఆ బేస్తారం నేను ఊళ్లెనే లేను. బచ్చన్నపేటల మా బాపు దగ్గరున్న."

"గట్లెట్లయితదమ్మా! ఈ అరుగు మీదనే కూసున్నరు. ఎర్రంచు పచ్చచీర కట్టుకున్నరు. మీ అత్తమ్మ పక్కన బియ్యం ఏరుతున్నది. 'సుమిత్ర అంటే ఎవలమ్మా' అని నేనడిగిన. 'నేనే' అనుకుంట లేసి..."

సాయిలు మాట అక్కడే ఆగిపోయింది. ఒక మెట్టు ఎక్కి, ఆడమనిషిని అట్లా చూడకూడదన్న సంగతి కూడా మరిచిపోయి, ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాడు.

"మీరు కాదు," అన్నాడు మెల్లగా. "ఆమెకు గదుమ మీద పచ్చబొట్లున్నయి. మూడు సుక్కలు."

సుమిత్ర మంచినీళ్ల చెంబు తెచ్చేలోపల అతను సైకిలెక్కాడు. సందు మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సంతకం పెట్టి తీసుకున్న రిజిస్టర్డ్ కవరు పాస్‌పోర్టు ఆఫీసుది. అందులో వచ్చింది ఆమె పాస్‌పోర్టు.

పెళ్లయి పదకొండు నెలలు. ప్రతాప్ కెనడా వెళ్లి ఆరేళ్లయింది. అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు సంపాదించుకుని, నిరుడు ఇరవై రెండు రోజుల సెలవు మీద వచ్చి, సుమిత్రను చేసుకుని వెళ్లాడు. భార్యను పిలిపించుకుంటానని అక్కడి సర్కారుకు పూచీ రాసిచ్చాడు. ఇక్కడ పాస్‌పోర్టు చేతికొస్తే ఢిల్లీలో కెనడా ఆఫీసు వాళ్లు పిలిచి నాలుగు ప్రశ్నలడుగుతారు. ఆ తర్వాత విమానమే. పాస్‌పోర్టు పని చూస్తున్నది బావ వెంకట్రాం, ప్రతాప్ అన్న. ఎప్పుడడిగినా "ఇంక రాలే" అనేవాడు. అది వచ్చి నెల దాటింది.

సుమిత్ర లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది. పచ్చచీర పోలేదు. పెట్టె అడుగున భద్రంగానే ఉంది.

కానీ మడత తనది కాదు. తను నాలుగు మడతలు వేసి అంచు పైకి పెడుతుంది. ఇప్పుడు అంచు లోపలికుంది. విప్పితే ఏదో నూనె వాసన గుప్పుమంది. ఆ ఇంట్లో ఎవరూ రాసుకోని నూనె. భుజం దగ్గర జాకెట్టు పిన్ను గుచ్చిన చోట, సుమిత్ర జుట్టు కన్నా పొడుగైన వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది.

అత్తగారు సులోచన వెనక వసారాలో చాట ముందేసుకుని కూర్చుంది.

"అత్తమ్మా, ఆ బేస్తారం మన అరుగు మీద కూసున్నది ఎవలు?"

"ఏ బేస్తారం?"

"మా బాపు దగ్గరికి నాలుగొద్దులు పోయి రమ్మని మీరే నన్ను తోలిచ్చిన బేస్తారం."

సులోచన చాటలోంచి రాయి తీసి పక్కకు విసిరింది. "ఎవలు కూసోలే."

"సాయిలు చూసిండు."

"సాయిలు తాగుతడు."

"సాయిలు మెడల తులసిపూసలున్నయి అత్తమ్మా."

చాట ఆగింది. పెరట్లో కోడి ఒకటి గొణుగుతూ తిరుగుతోంది. ఎండ గోడ సగం దిగి వాళ్లిద్దరి మధ్య నేల మీద పడింది.

"అడగకు సుమిత్రా," అంది సులోచన. "అడగనన్ని దినాలు ఈ ఇంట్ల ఉంటవ్."

సుమిత్ర ఒళ్లు జలదరించింది. బెదిరింపుకు కాదు. పదకొండు నెలల్లో అత్తగారు తనను పేరు పెట్టి పిలవలేదు, "పిల్లా" అనే పిలిచింది. ఇప్పుడా పేరు ఆమె నోటికి అలవాటైనట్టు వచ్చింది. ఇన్నాళ్లూ ఇంకెవరినో పిలిచీ పిలిచీ సాధన చేసినట్టు.

"బావ ఎప్పుడొస్తడు?"

"ములుగు ఘనపురంల మీటింగున్నది. రెండొద్దులైతది."

సుమిత్ర చీర మడిచి పెట్టెలో పెట్టింది. అంచు పైకి.

*

జనగామ స్టేషను రోడ్డులో ఫోటో స్టూడియో ఉంది. జనవరిలో బావ ఆమెను తీసుకెళ్లి పాస్‌పోర్టు ఫోటో దింపించింది అక్కడే. ఫారం మీద సంతకం చేయించుకుని, "ఫోటో నేను అంటిస్తలే" అన్నాడు.

మూడు గంటల ఎండలో సుమిత్ర ఆ గడప ఎక్కింది. స్టూడియో ఆయన లోపల్నుంచే అడిగాడు.

"ఎవల పేరు మీదమ్మా?"

"సుమిత్ర."

"మళ్ల కాపీలు గావాల్నా? మొన్ననే గద పోస్టు జేసిన."

ఆయన ఒక కవరు తెచ్చి బల్ల మీద బోర్లించాడు. రెండు రకాల ఫోటోలు పడ్డాయి. ఒకటి సుమిత్ర. రెండో దాంట్లో అదే కుర్చీ, అదే పచ్చచీర. పాపిట అట్లాగే తీసి ఉంది, చేతులు ఒళ్లో అట్లాగే పెట్టి ఉన్నాయి. ముఖం వేరు. పౌడరు దట్టంగా అద్దినా గదుమ మీద మూడు చుక్కలు లీలగా కనిపిస్తున్నాయి.

వెనక బావ చేతిరాత. 'సుమిత్ర, భర్త ప్రతాప్.'

"ఈమె ఎవలు?"

స్టూడియో ఆయన రెండు ఫోటోలు చూసి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి, కవరు తన వైపు లాక్కున్నాడు.

"నాకేమెర్క తల్లీ. వెంకట్రాం పటేలు తోల్కొచ్చిండు. నీ ఫోటో ముందల పెట్టి అచ్చం గట్లనే కూసోబెట్టమన్నడు. తల జర ఎడమకు వంచమన్నడు. నీకు గది అలవాటట."

సుమిత్ర తల నిటారుగా ఎత్తింది. అప్పటి దాకా అది ఎడమకు వంగి ఉందని ఆమెకే తెలియదు.

"ఆమె పేరేం జెప్పింది?"

"సుమిత్ర అనే జెప్పింది. కాపీలు మానుకోటకు పంపమన్నది. దవాఖాన వెనుక గదులున్నయి గద, ఆడ మంత్రసాని పని జేస్తదట."

*

తెల్లవారి పాసింజరులో మానుకోటకు, అంటే మహబూబాబాదుకు, టికెట్టు కొంది. అత్తగారికి గుడికని చెప్పింది. అత్తగారు ఏ గుడి అని అడగలేదు.

కిటికీ పక్కన కూర్చుంటే ప్రతాప్ ఉత్తరాలు గుర్తొచ్చాయి. నీలిరంగు విమానం కాగితాలు. మొగుడితో గడిపింది ఇరవై రెండు రోజులే, అయినా ఆ ఉత్తరాలతోనే అతని మీద ప్రేమ పుట్టింది ఆమెకు. 'నీ గురించి అన్నీ రాయి,' అనేవాడు. 'చిన్నప్పుడు నిన్ను ఇంట్ల ఏమని పిలిచేటోళ్లు? ఏ బడికి పోయినవ్? ఏ పంతులంటే భయం? ఒంటి మీద గాయాలున్నయా? ఢిల్లీల అడుగుతరు. ఇద్దరి మాట ఒక్కటి గావాలె.'

ఇన్ని సంగతులు అడిగిన మగవాడు ఆమెకు తెలిసి ఎవరూ లేరు. కొడవలికి తెగిన వేలు, అవ్వ ముద్దుగా పిలిచిన పేరు, బావిలో పడిపోయిన వెండి పట్టగొలుసు... దాచుకోకుండా రాసింది. పెద్ద పెద్ద ఉత్తరాలు. కాగితం చాలక అంచుల్లో కూడా రాసింది.

దవాఖాన వెనక ఐదు గదుల వరస. మూడో గదికి తాళం లేదు. ఒక ముసలామె గుమ్మంలో కూర్చుని, "డూటీకి పోయింది, వస్తది, లోపల కూసో బిడ్డా," అంది.

గది శుభ్రంగా ఉంది. గోడకు అద్దాలు కుట్టిన ఎర్రటి సంచి వేలాడుతోంది. తండావాళ్ల చేతిపని. మంచం, కిరసనాయిలు స్టవ్వు, అటక మీద పుస్తకాలు.

గూట్లో చిన్న ఇత్తడి పళ్లెం ఉంది. దాన్లో గుప్పెడు అన్నం, బెల్లం ముక్క. అన్నం మీద ఆవిరి ఆరలేదు. పక్కన కుంకుమ, కొత్త దువ్వెన, రెండు గాజులు. దేవుడి పటం మాత్రం లేదు.

సుమిత్ర ఆ గూటి ముందు నిలబడి ఉండగానే వెనక స్టీలు డబ్బా ఏదో కింద పడి దొర్లింది.

"యాడీ!"

ఆ వచ్చినామె తన భాషలో అమ్మను తలుచుకుని గోడకు అతుక్కుపోయింది. తెల్లచీర, పొడుగు జడ. గదుమ మీద మూడు చుక్కలు. కళ్లలో ఉన్నది దొంగతనం బయటపడ్డ భయం కాదు. ఎన్నడూ చూడకూడనిదాన్ని చూసిన భయం.

"నేను రోజు పెడుతున్న గదక్కా," అంది. "ఒక్కపూట గూడ తప్పలే. ఎందుకొచ్చినవ్?"

"ఏం పెడుతున్నవ్?"

ఆమె వేలితో గూడు చూపించింది. "నీకే. నువ్వు సచ్చిపోయినవ్ గద."

సుమిత్ర మంచం పట్టె పట్టుకుంది. ఆ చప్పుడుకు ఆమె మెల్లగా దగ్గరికొచ్చి, సుమిత్ర మణికట్టు ముట్టుకుంది. నాడి చూసే చెయ్యి అది. చాలాసేపు వదలలేదు.

"బతికున్నవ్," అని నేల మీద కూలబడి ఏడ్చింది.

ఆమె పేరు ద్వాళి. పదేళ్ల కింద, అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో, ప్రతాప్ వరంగల్లులో చదువుతూ ఊరేగింపుల్లో తిరిగి, పోలీసులు వెతుకుతుంటే మానుకోట పక్క తండాలో నలభై రోజులు దాక్కున్నాడు. దాచింది ద్వాళి వాళ్లింట్లో. ఆ నలభై రోజుల్లోనే ఇద్దరూ ఒకరికొకరు మాటిచ్చుకున్నారు.

"కెనడా పోయినంక గూడ మరువలే," అంది ద్వాళి. "వాళ్లమ్మ అన్నం మానేసి పండుకుంటే నీ మెడల పుస్తె కట్టిండు. కట్టి నాకు రాసిండు. 'కాగితాలన్ని సుమిత్ర పేరు మీద నడుస్తున్నయి. కొత్తగ మొదలుపెడితే ఏండ్లు పడతది. నువ్వే సుమిత్రవై రా' అని. నేను రానన్న. బతికున్న మనిషి జాగల నేను కూసోనన్న."

"మరెట్ల కూసున్నవ్?"

"నువ్వు పోయినవని చెప్పిండ్రు. రెండొద్దుల జరంల పోయినవట. మీ అత్త చీర తెచ్చిచ్చింది. కట్టుకుంటే ఒళ్లంత సల్లగైంది. ఆ దినం నుంచే ఈ గూట్ల అన్నం పెడుతున్న. నీ పేరు మోస్తున్న గద, నీ కడుపు మాడొద్దని."

సుమిత్ర ఆ అన్నం వైపు చూడలేకపోయింది.

"నా గురించి ఏం తెల్సు నీకు?"

ద్వాళి కన్నీళ్లు తుడుచుకుంది. పాఠం అప్పజెప్పే పిల్లలా వెన్ను నిటారుగా పెట్టింది. తల కొంచెం ఎడమకు వంచింది.

"నా పేరు సుమిత్ర. మా అవ్వ నన్ను బంగారుపిట్ట అని పిలిచేది. ఏడేండ్లప్పుడు కంది కోతల కాడ ఎడమచెయ్యి చూపుడువేలు తెగింది. లెక్కల పంతులు చేతికర్ర జూస్తే నాకు జరమొచ్చేది. నా వెండి పట్టగొలుసు బావిల పడ్డది. ఇంట్ల చెప్పకుండ, దాని జత గూడ నేనే బావిలేసిన."

ఒక్క మాటా తప్పు లేదు. ఆ మాటల వరస కూడా తనదే. మొగుడికని రాసుకున్న మాటలు ఇంకొకరి నోట్లోంచి ఊపిరి తీసుకుని బయటికొస్తున్నాయి. సుమిత్రకు ఒక్క క్షణం తనే అక్కడ లేనట్టు అనిపించింది.

"మా అమ్మ నా పదకొండో ఏట పోయింది," ద్వాళి ఆపలేదు. "పిల్ల జడ చిక్కుపడనియ్యకు అని బాపుతోటి అన్నది. గదే ఆఖరు మాట. ఆనాటి నుంచి నాకు పెండ్లయ్యేదాక బాపే జడ ఏసిండు. ఎవలన్న చూస్తే నవ్వుతరని తలుపు గడియ పెట్టి..."

"ఆగు."

ద్వాళి ఆగింది.

"గది నేను రాయలే." సుమిత్ర గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ప్రతాప్‌కు రాయలే. ఎవలకు చెప్పలే. నీకెవలు చెప్పిండ్రు?"

"మీ బాపే. మాఘమాసంల వచ్చిండు. నువ్వు పోయినవని చెప్పింది గూడ ఆయనే. గా గుమ్మంల నిలబడి, 'నా బిడ్డ లేదు, దాని పేరు నువ్వు వాడుకో తల్లీ' అన్నడు. నా తల మీద చెయ్యి పెట్టి సుమిత్రా అని పిలిచి పొర్లి పొర్లి ఏడ్చిండు. అంత పెద్దాయన ఏడుస్తుంటే నమ్మకెట్లుంట?"

బయట ఎవరో బాలింత కోసం వేడినీళ్లడుగుతున్నారు. ముసలామె లేచి వెళ్లిన చప్పుడైంది.

"ప్రతాప్‌కు ఎర్కనా?" ద్వాళి అడిగింది. "నువ్వు బతికున్నవని?"

"పోయిన నెల ఉత్తరం రాసిన. పోయిన వారమే జవాబు గూడ వచ్చింది."

ద్వాళి లేచి, అద్దాల సంచిలోంచి పాస్‌పోర్టు తీసి సుమిత్ర ఒళ్లో పెట్టింది.

"నీది నువ్వు తీస్కపో. సోమవారం ఢిల్లీల అడుగుతరట. ఎల్లుండి వెంకట్రామన్న జీపు పట్టుకొని వస్తనన్నడు. నేను పోను."

"మొఖం నీదే గద."

"పేరు నీది."

ఆ రాత్రి సుమిత్ర అక్కడే ఉండిపోయింది. పళ్లెంలో అన్నం ద్వాళి కాకులకు వేసింది.

*

బచ్చన్నపేటలో బస్సు దిగేసరికి పది దాటింది. చేలన్నీ ఎండి నెర్రెలు విచ్చాయి. ఊరి చివర పత్తికొట్టం పక్కన, ఇంటికి ముప్ఫై అడుగుల దూరంలో, బాపు హన్మంత్ ఎడ్లతొట్టిలో నీళ్లు పోస్తున్నాడు.

కూతుర్ని చూసి బకెట్టు కింద పెట్టాడు. ఎప్పుడూ ఎదురొచ్చి సంచి అందుకునే మనిషి, దారికడ్డంగా నిలబడ్డాడు.

"రాత్రి నువ్వు ఇంటికి రాలేదని మీ అత్త కబురు పెట్టిందట. మానుకోటకు పోయినవా?"

దారి పొడుగునా ఆమె ఎన్నో మాటలు కూర్చుకుంది. ఒక్కటే నోటికొచ్చింది.

"నేనెప్పుడు సచ్చిన బాపూ?"

ఆయన ఇంటివైపు చూశాడు. "మెల్లగ మాట్లాడు బిడ్డా."

"జరమొచ్చి పోయిన్నా? రెండొద్దులు పడ్డనా? నువ్వే చెప్పినవట. నా జడ సంగతి గూడ చెప్పుకున్నవట. గది మన ఇద్దరిదే గద బాపూ."

హన్మంత్ తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుకున్నాడు. పెళ్లినాటికి ఇప్పటికి పదేళ్లు మీదపడ్డట్టున్నాడు.

"వెంకట్రాం వచ్చిండు మాఘమాసంల. ప్రతాప్ తన పాలు భూమంత అన్నకు రాసిచ్చిండట, ఈ పని జేసిపెడితే. చాయ్ తాక్కుంట నాతోటి ఏమన్నడో తెల్సా? 'మామా, ఒక సుమిత్ర కెనడా పోతది. ఇంకొక సుమిత్ర జనగామల కండ్ల ముందల తిరుగుతుంటే ఎట్ల?' అన్నడు. నవ్వుకుంట అన్నడు బిడ్డా. ఆ నవ్వు నేను జూసిన."

"ఎవలకన్న చెప్పకపోతివా?"

"ఎవలకు చెప్పాలె? పెద్దమనుషులంత ఆయన జీపులనే తిరుగుతరు." ఆయన తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. "నేనే చెప్తనన్న. నా బిడ్డ లేదని ఆ పిల్లకు నా నోటితోటి నేనే చెప్తనన్న. మాటతోటి అయిపోతే, ఇంక చేతితోటి ఎవలు చెయ్యనక్కర్లేదనుకున్న. అటెనుక నిన్ను తెచ్చి ఇంట్ల దాచుకుందామనుకున్న."

"ఎన్ని దినాలు దాస్తవ్?"

తొట్టిలో ఎడ్లు నీళ్లు తాగుతున్న చప్పుడొక్కటే వినిపించింది. సుమిత్ర చెయ్యి సంచిలోకి పోయి పాస్‌పోర్టు అట్టను తడిమి పైకి తీసింది.

ఆయన చూపు దాని మీద పడింది. "అది తెచ్చినవా? అయ్యో బిడ్డా, దానికోసమే పొద్దుగాల..."

ఇంట్లోంచి మగగొంతు వినిపించింది. తీరిగ్గా, అన్నం తింటూ అడిగినట్టుంది. ఆ గొంతు ఆమె పదకొండు నెలలుగా రోజూ వింటున్నదే. ములుగు ఘనపురంలో ఉండాల్సిన గొంతు.

"ఎవలొచ్చిండ్రు మామా?"

హన్మంత్ కూతురి కళ్లలోకి చూశాడు. తర్వాత ఆమెకు వీపు తిప్పి నిలబడి, చేతులు రెండూ వెనక్కి పెట్టి, పొమ్మని వేళ్లతో సైగ చేస్తూ, ఇంటివైపు గట్టిగా కేకేశాడు.

"ఎవ్వలు లేరు వెంకట్రాం. ఈడ ఎవ్వలు లేరు."

సుమిత్ర కదలలేదు. లోపల పీట జరిగింది. గుమ్మం దగ్గర ఎవరో చెప్పులు తొడుక్కుంటున్నారు.